చూసిందెంత, రాసిందెంత

వెనక వరసల్లో నిలబడి ఉన్న పీజీ పిల్లలూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

మాకు చదువు చెప్పిన మాస్టారిని పేరు పెట్టి, డిగ్రీలన్నీ చదివి పరిచయం చేయడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఏ సభలోనైనా ఎవరైనా మొదలుపెడితే చేయి అడ్డం పెట్టేవారు. అందుకని నేను కూడా మాస్టారు అనే అంటాను. పగలు వార్డు, సాయంత్రం క్లాసు, రాత్రి భోజనమయ్యాక టేబుల్ లైటు కింద ఎవరెవరో రాసిన మాన్యుస్క్రిప్టులు. ముప్పై ఏళ్ళ పాటు ఆయన రాత్రులు అలాగే గడిచాయి. వాటిలో ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు.

ఈ ఉపన్యాసానికి కమిటీ వారు నాకు చాలా పెద్ద విషయం ఇచ్చారు. నేను దాన్ని ఒక్క సంగతికి కుదించుకున్నాను: ఒక డాక్టరు మెడికల్ జర్నల్‌కు పంపే పేపరు, అది అచ్చయ్యేలోపు దాన్ని చదివే మనిషి. జర్నల్‌కు వచ్చిన పేపర్‌ను ఎడిటర్ ముందు తాను చదివి, పనికొస్తుందనిపిస్తే ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపిస్తారు. ఇప్పుడు వాళ్ళను రివ్యూయర్లు అంటున్నాం, మా రోజుల్లో రెఫరీలు అనేవాళ్ళం. జీతం లేదు, మామూలుగా పేరు బయటికి రాదు, గడువు మాత్రం ఉంటుంది. వాళ్ళు చేయవలసిన పని ఏమిటని నేను అడిగితే మాస్టారు రెండే మాటలు చెప్పారు. 'చూసిందెంత, రాసిందెంత. ఆ రెంటి మధ్య దూరం కొలవడమే.' ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ దూరం గురించే.

మన హైదరాబాదులో జరిగిన ఒక కథతో మొదలుపెడతాను. 1880ల్లో ఆపరేషన్ అంటే క్లోరోఫాం. టేబుల్ మీద రోగి ఉన్నట్టుండి చనిపోయేవాడు. ఎందుకు చనిపోతున్నాడన్న దాని మీద బ్రిటన్‌లో రెండు వర్గాలుండేవి. మందు నేరుగా గుండెను ఆపుతోంది, నాడి చూస్తూ ఉండాలని ఒకరు. ముందు ఆగేది ఊపిరే, ఊపిరి చూస్తే చాలని ఇంకొకరు. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా ఉంటూ ఇక్కడి మెడికల్ స్కూలును నడిపిన ఎడ్వర్డ్ లారీ రెండో వర్గం మనిషి. ఎడిన్‌బరోలో ఊపిరి మీదే కన్నుండాలన్న సర్జన్ సైమ్ శిష్యుడు.  1888లో లారీ ఒక కమిషన్ వేయించి కుక్కల మీద ప్రయోగాలు చేయించారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, ఆ తర్వాతే గుండె. నివేదిక లండన్ వెళ్ళింది. 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు.

అప్పుడు జరిగింది వింటే ఇవాళ్టి ఏ ఎడిటరైనా ఆశ్చర్యపోతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీరు నమ్మే మనిషినే పంపండి, మా దగ్గరికొచ్చి కళ్ళారా చూసి చెప్పమనండి అన్నారు. లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. మందుల శాస్త్రంలో ఆ రోజుల్లో పెద్ద పేరు. పైగా క్లోరోఫాం గుండెను ఆపుతుందని నమ్మినవాడు, అంటే లారీ వాదానికి ఎదుటి పక్షం. రివ్యూ కోసం సముద్రం దాటి వచ్చిన రివ్యూయర్ అన్నమాట. 1889 చివర్లో రెండో కమిషన్ కూర్చుంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు. ఎన్నింటికో రక్తపోటు గీతలు తీసి, ఆ గీతలకు ఫోటోలు తీయించారు. బ్రంటన్ మనసు మార్చుకున్నారు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లో, మందు ఎక్కువవడం వల్లో తప్ప నేరుగా గుండెకేమీ కాదని లండన్‌కు తంతి కొట్టారు. 1890లో నివేదిక మొత్తం లాన్సెట్‌లో అచ్చయింది.

మా విద్యార్థి రోజుల్లో ఈ కథను ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టించేవారు. హైదరాబాదు మాట లండన్‌లో నెగ్గిందని గర్వంగా ఉండేది. మాస్టారు ఆపనిచ్చేవారు కాదు. 'తర్వాత ఏమైంది?' అని అడిగేవారు. తర్వాత కూడా రోగులు టేబుల్ మీద హఠాత్తుగా చనిపోతూనే ఉన్నారు. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు సంగతి చూపించారు. మత్తు పూర్తిగా ఎక్కినప్పుడు కాదు, తేలిగ్గా ఉన్నప్పుడే గుండె కింది గదులు లయ తప్పి వణకడం మొదలవుతుంది. అలా వణికిన గుండె ఆగిపోతుంది. లారీ, బ్రంటన్ వెతికిన చోటు వేరు. మందు ఎక్కువైపోతే ఏమవుతుందో వాళ్ళు శ్రద్ధగా, నిజాయితీగా చూశారు. కొద్దిగా ఇచ్చిన మొదటి నిమిషాల్లో, రోగి భయంతో కొట్టుకుంటున్నప్పుడు ఏమవుతుందో వాళ్ళ ప్రయోగం అడగనే లేదు.

రక్తపోటు గీతల్లో అబద్ధం లేదు. జంతువుల లెక్కలోనూ లేదు. వచ్చిన రివ్యూయర్‌కు అన్నీ విప్పి చూపించారు, దాచిందేమీ లేదు. తప్పంతా చివరి వాక్యంలో ఉంది. 'మేం ఇచ్చిన పద్ధతిలో గుండె ముందు ఆగలేదు' అని రాసి ఉంటే ఆ వాక్యం ఇప్పటికీ నిలిచి ఉండేది. 'గుండెకేమీ కాదు' అని రాశారు. మనవాళ్ళు నేల విడిచి సాము అంటారు చూడండి, అది. ఆ వాక్యాన్ని నమ్మి ఎంతమంది డాక్టర్లు నాడి మీద నుంచి చేయి తీసేశారో! రివ్యూయర్ ప్రయోగశాలకే వచ్చి కూర్చున్నా ఆపలేకపోయిన తప్పు ఇది. ఎందుకంటే ఆయన కూడా రచయిత చూసిన కిటికీలోంచే చూశాడు. పక్క కిటికీ తెరిచి చూశారా అని అడగలేదు. పేపరు చదివేటప్పుడు అచ్చయిన దాన్ని పట్టుకోవడం తేలిక. అక్కడ లేనిదాన్ని పట్టుకోవడమే కష్టం.

ఆ రెండో కమిషన్ జరిగిన ఎనిమిదేళ్ళకు, అక్కడికి దగ్గర్లోనే ఇంకో సంగతి జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి చూశారు. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమ అది. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. ఆ దోమ కడుపు గోడలో, దోమ కణాలకు సంబంధం లేని గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమిలో ఉండేలాంటి నల్లటి రంగు గింజలు. మర్నాడు మిగిలిన ఇంకో దోమను కోశారు. అవే కణాలు, కొంచెం పెద్దవయ్యాయి. రాస్‌కు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో ఆయనకు తెలుసు.

ఆ ఏడాది డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన పేపరు పేరు చూడండి. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత రంగు కణాల గురించి, అంతే. మలేరియా దోమ వల్ల వస్తుందని లేదు. కారణం కనిపెట్టామని లేదు. కణాలు వింతవన్నాడు, క్రిమి అనలేదు. దోమలు రెండేనని అంకె పేరులోనే వేశాడు. మామూలుగా మనం దాచే అంకె అది! అవి లార్వాల నుంచి తాను పెంచిన దోమలని, అంతకు ముందు కోసి చూసిన దోమల్లో అలాంటి కణాలు కనపడలేదని రాశాడు. ఆ జాతి పేరు తెలియకపోతే చుక్కల రెక్కల దోమ అని వర్ణించాడు. తన కళ్ళ మీద తనకే నమ్మకం చాలక స్లైడ్లను స్మైత్ అనే ఇంకో డాక్టరుకు చూపించి, ఆయన నోటును పేపరుకు జతచేశాడు. లండన్‌లో రాస్‌కు దారి చూపిన మ్యాన్సన్ కూడా చూసి తన మాట రాశారు. మిగతా రుజువు మరుసటి ఏడు కలకత్తాలో, పక్షుల మలేరియాలో దొరికింది. మనుషుల మలేరియా సంగతి అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. వాక్యం చిన్నదిగా ఉండటం వల్ల ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు.

థీసిస్ పేరు పెట్టడానికి పీజీలు నా దగ్గరికొచ్చినప్పుడు నేనీ పేపరే ముందు పెడతాను. పేరు ఆఖర్న పెట్టండి. ముందు టేబుళ్ళు తయారుచేయండి. టేబుళ్ళు నిలబడ్డాక మెథడ్స్ రాయండి, ఆ తర్వాత రిజల్ట్స్. ఇంట్రడక్షన్, డిస్కషన్ తర్వాత చూసుకోవచ్చు. అప్పటికి మీ చేతిలో నిజంగా ఏముందో మీకే తెలుస్తుంది, పేరు దానంతటదే కుదురుతుంది. మన పిల్లలు ఇంట్రడక్షన్‌తో మొదలుపెడతారు. మానవజాతి ఆదినుంచీ క్షయతో పోరాడుతోంది అంటూ రెండు పేజీలు. దాని వేగానికి రిజల్ట్స్ కూడా కొట్టుకుపోతాయి.

ఇంకో పేపరు పేరు గురించి కూడా చెప్పాలి, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి దానితో సంబంధం ఉంది కాబట్టి. ఆయన నాయకత్వంలో లెడర్లీ కంపెనీ లేబరేటరీలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అప్పటిదాకా ఆ జబ్బుకు ఏ మందూ పనిచేయలేదు. వార్డులో లేచి నడవలేని పిల్లలు మళ్ళీ ఆడుకున్నారు. అలాంటి ఫలితం చేతిలో పెట్టుకుని 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చేసిన పేపరు పేరులో మొదటి మాట 'తాత్కాలిక'. తాత్కాలిక ఉపశమనం అన్నారు. ఆ పిల్లలకు జబ్బు తిరిగి వస్తోందని వాళ్ళకు తెలుసు. ఆ మాట మొట్టమొదట పెట్టడానికి ఎంత గుండె దిటవు కావాలో వార్డులో తల్లిదండ్రుల ముందు నిలబడ్డవాళ్ళకే అర్థమవుతుంది. ఇవాళ మనం క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువే. ఆ పేపరు రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. అచ్చయిన రెండు నెలలకు, ఆగస్టులో, ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. రచయితల పేర్ల సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

1986లో నేను పీజీని. ఊపిరితిత్తి చుట్టూ క్షయ నీరు చేరిన రోగుల మీద నా థీసిస్. మామూలు క్షయ మందులతో పాటు ప్రెడ్నిసలోన్ కూడా ఇచ్చి, నాలుగు వారాలకు ఎక్స్‌రేలో నీరు పూర్తిగా పోయిందా లేదా అని చూడటం. దాంట్లోంచి చిన్న పేపరు ఒకటి రాసి, టైపు చేయించి మాస్టారి ఇంటికి పట్టుకెళ్ళాను. రాత్రి తొమ్మిది దాటింది. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. మాస్టారు ఇంట్రడక్షన్ తిప్పేశారు, నేరుగా రెండో టేబుల్‌కు వెళ్ళారు. జేబులోంచి పెన్సిల్ తీసి ఒక అంకె చుట్టూ సున్నా చుట్టారు.

'మొత్తం ఎంతమంది?'

'పందొమ్మిది మందండి.'

'నీరు పూర్తిగా పోయింది?'

'నలభై శాతం మందికండి.'

'పందొమ్మిదిలో నలభై శాతం ఎంతయ్యా?'

మనసులో వేసుకున్నాను. ఏడు పాయింట్ ఆరు. ఏడుగురైతే ముప్పై ఏడు శాతం. ఎనిమిది మందైతే నలభై రెండు. పందొమ్మిది మందిలో నలభై శాతం అనేది ఉండటానికి వీల్లేదు. మాస్టారు మళ్ళీ ఏమీ అడగలేదు. కాగితం అంచున ఎనిమిది కింద ఇరవై వేసి, నా వైపు తిప్పారు.

ఇరవై మందే. ఇరవయ్యో మనిషి పొగాకు బ్యారన్‌లో గ్రేడింగ్ పనికి వెళ్ళే ఒక ఆవిడ. పద్దెనిమిదో రోజున కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. మర్నాడు డిశ్చార్జి చేయమని గొడవపెట్టి, కేస్ షీట్ చివరి పేజీలో, వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నానన్న వాక్యం కింద వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. కోర్సు పూర్తి చేయనివాళ్ళను తీసేయొచ్చని, అందరూ అలాగే చేస్తారని ఒక సీనియర్ చెప్పాడు. తీసేశాను. మూడు చోట్ల ఇరవైని పందొమ్మిదిగా దిద్దాను. శాతం దిద్దడం మర్చిపోయాను.

'రెండు శాతమే కదండీ మాస్టారూ తేడా,' అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. 'శాతం సంగతి వదిలెయ్యి. కామెర్లు వచ్చింది ఆవిడ ఒక్కదానికే. ఆవిడను తీసేస్తే నీ పేపరు చదివిన డాక్టరు ఏమనుకుంటాడు? ఈ మందులతో కామెర్లు రావనుకుంటాడు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక రోగికి కళ్ళు పచ్చబడతాయి. ఇది మందు వల్ల కాదులే అని అతను అవే మందులు మింగిస్తాడు.'

మర్నాడు రికార్డు రూములో బూజు దులుపుకుంటూ ఆ కేస్ షీట్ వెతికి తీశాను. ఆవిడ ఊరికి జవాబు కార్డు రాశాను. పది రోజులకు కార్డు తిరిగొచ్చింది. పార్టీ ఊళ్ళో లేరని పోస్ట్‌మన్ అడ్డంగా రాశాడు. పేపరు ఇరవై మందితోనే వెళ్ళింది. ఒక రోగికి పద్దెనిమిదో రోజున కామెర్లు వచ్చాయని, ఆ తర్వాత ఆమె ఆచూకీ తెలియలేదని ఒక వాక్యం చేరింది. వైద్యం మొదలుపెట్టిన ప్రతి మనిషినీ చివరిదాకా లెక్కలో ఉంచాలన్న నియమానికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. 1996లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకాలు, ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో వెళ్ళారు, ఎందుకు వెళ్ళారో బొమ్మ గీసి చూపించమంటాయి. ఆ బొమ్మలో బాణం పక్కకు తిరిగి ఒక గడిలో ఆగినప్పుడల్లా నాకు ఆ వేలిముద్రే కనిపిస్తుంది.

రివ్యూయర్‌గా కూర్చున్నప్పుడు నేను ఇప్పటికీ మాస్టారి దారిలోనే చదువుతాను. ముందు పేరు, తర్వాత టేబుళ్ళు, తర్వాత మెథడ్స్. అబ్‌స్ట్రాక్ట్ చివర్న. అబ్‌స్ట్రాక్ట్ ముందు చదివితే రచయిత మనల్ని ఎటు తీసుకెళ్ళాలనుకుంటున్నాడో అటే వెళ్తాం. ఒక టేబుల్లో 112 మంది, పక్క టేబుల్లో 104 మంది ఉంటే ఆ ఎనిమిది మంది ఎక్కడికి వెళ్ళారని అడుగుతాను. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చేసేవాళ్ళు తక్కువ. 1998లో ఫియోనా గాడ్లీ బృందం ఒక పరీక్ష చేసింది. అచ్చు కాబోతున్న ఒక పేపరులో కావాలని ఎనిమిది లోపాలు చొప్పించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ రివ్యూయర్లకు పంపారు. 221 మంది చదివి జవాబిచ్చారు. వాళ్ళు పట్టుకున్నది సగటున రెండు. రచయిత పేరు దాచినా, రివ్యూయర్ సంతకం పెట్టించినా తేడా రాలేదు.

దీన్ని చూపించి రివ్యూ వల్ల ఉపయోగం లేదనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఎనిమిదిలో రెండు పట్టుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మనం వాళ్ళకు చదవడం నేర్పలేదు, అంతే. ఎంబీబీఎస్‌లో లేదు, ఎండీలో లేదు. పేపరు చదవడం అంటే జర్నల్ క్లబ్‌లో స్లైడ్లు వేసి అబ్‌స్ట్రాక్ట్ చదవడమని పిల్లలు అనుకుంటున్నారు. ఆ తప్పు మాది, వాళ్ళది కాదు.

చదవడం రాకపోతే ఏమవుతుందో కోవిడ్ నాడు చూశాం. 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పేపరు వచ్చింది. ఆరు ఖండాల్లో 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు. ఆ మందు తీసుకున్నవాళ్ళలో మరణాలు ఎక్కువన్నది సారాంశం. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును నిలిపింది. ఆ పేపరులో ఒక చిన్న అంకె ఉంది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో 73 మంది చనిపోయారని. ఆ రోజుకు ఆ దేశం మొత్తంలో కోవిడ్ మరణాలు 67. దేశం లెక్క కంటే కొన్ని ఆసుపత్రుల లెక్క ఎక్కువ! అచ్చయిన తర్వాత పాఠకులు పట్టుకున్నారు. వందమందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. అంకెలన్నీ సర్జిస్ఫియర్ అనే ఒక చిన్న కంపెనీ ఇచ్చినవి. అసలు రికార్డులు చూపించమంటే చూపించలేదు. జూన్ 4న పేపరు వెనక్కి తీసుకున్నారు. సాటి రచయితలే ఆ రికార్డులు చూడలేదు. హైదరాబాదులో లారీ నాలుగు వందల జంతువులను కళ్ళతో చూసి ఒక వాక్యం ఎక్కువ రాశారు. ఇక్కడ తొంభై ఆరు వేల మందిలో ఒక్కరిని కూడా చూసినవారు కనపడలేదు. పందొమ్మిదిలో నలభై శాతం ఎంత అని అడిగే మనిషి ఆ బల్ల దగ్గర ఒక్కరున్నా ఆ 73 దగ్గరే ఆగిపోయేది.

పేర్ల సంగతికి వస్తాను. వైద్య జర్నళ్ళ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, 1978లో వాంకూవర్‌లో కొద్దిమంది ఎడిటర్లతో మొదలైన బృందం, రచయిత అనడానికి నాలుగు షరతులు పెట్టింది. పని ఆలోచనలోనో, వివరాల సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. రాతలోనో, దిద్దుబాటులోనో చేయి ఉండాలి. ఆఖరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. మన దగ్గర ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. కనుక డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి పేరు, హెడ్‌గారు అడిగిన పక్క డిపార్ట్‌మెంట్ వారి పేరు చేరతాయి. స్టాటిస్టిక్స్ చేసిన కుర్రాడి పేరు మాత్రం ఉండదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో, నేను చదవని పేపరు మీద నా పేరు అచ్చయి వచ్చింది. ఎడిటర్‌కు రాసి తీయించుకున్నాను. ఆ తర్వాత ఏడాది పాటు ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళు నాతో మాట్లాడలేదు. పీజీలూ, మీ మీద ఈ ఒత్తిడి వస్తుంది. నేను కాదనను. నాలుగో షరతును మాత్రం మర్యాదగా గుర్తుచేయండి. 'సార్, రేపు ప్రశ్న వస్తే మీరే జవాబు చెప్పాలట' అనండి. చాలామంది అక్కడే తప్పుకుంటారు.

డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే జర్నళ్ళ గురించి ఎక్కువ చెప్పను. రివ్యూ లేకుండా వచ్చిన పేపరు, వెరిఫికేషన్ లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ లాంటిది. ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చే ముందే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయండి. 2007లో మొదలైన ఆ రిజిస్ట్రీ 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఏం కొలుస్తామని ముందే రాసిపెట్టుకుంటే, తర్వాత గోల్‌పోస్టు జరిపే అవకాశం ఉండదు.

మన భాష సంగతి ఒకటి చెప్పాలి. మనం రోగి దగ్గర తెలుగులో విని, కేస్ షీట్‌లో ఇంగ్లీషులో రాస్తాం. ఆ రెంటి మధ్య ఎంతో జారిపోతుంది. 'కాళ్ళు తిమ్మిర్లండి' అంటుంది ఒక పెద్దావిడ. సూదులు గుచ్చినట్టుందా, మొద్దుబారి స్పర్శ తెలియడం లేదా? తిమ్మిరి రెండిటికీ వాడతాం. డాక్టరుకు రెండూ వేరు. ఆ రోజు హౌస్ సర్జన్‌కు తోచిన మాట కేస్ షీట్‌లోకి వెళ్తుంది. ఏడాది తర్వాత అది టేబుల్లో శాతమవుతుంది. 'నరాల బలహీనత', 'గుండెల్లో మంట', 'కడుపులో గ్యాసు' ఇవన్నీ ఇలాంటివే. ప్రశ్నావళి వాడితే, దాన్ని తెలుగులోకి ఎవరు మార్చారు, తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూశారా, ఏ జిల్లా మాటలు వాడారు అన్నది మెథడ్స్‌లో ఒక పేరా రాయండి. నేను రివ్యూ చేసిన మన పేపర్లలో ఆ పేరా ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

రివ్యూయర్లు ఇంగ్లీషు బాగాలేదని సైన్సును తిప్పికొట్టడం కూడా చూశాను. అది అన్యాయం. వాక్యం దిద్దవచ్చు, అంకె లేకపోతే తేలేం. మీరెప్పుడైనా రివ్యూ రాస్తే 'కొత్తదనం లేదు, భాష బాగాలేదు, తిరస్కరించవచ్చు' అని రాయకండి. అవతల ఒక పీజీ రెండేళ్ళు రాత్రిళ్ళు రక్తం తీసి పరీక్షలు చేయించి ఉంటాడు. ఎక్కడ ఏది తప్పిందో పేజీ, వరస చెప్పండి. అలాగే మన ఊళ్ళ జబ్బుల మీద రాస్తే, మా పాఠకులకు ఆసక్తి ఉండదు అనే ఎడిటర్లు ఉంటారు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో వెన్ను బిగుసుకుపోయిన రైతుల గురించి షార్ట్ బృందం రాసింది. 1955లో నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1960లో హైదరాబాదు పోషకాహార పరిశోధన సంస్థ నుంచి గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నకూ పెల్లగ్రాకూ ఉన్న సంబంధం గురించి లాన్సెట్‌లో రాశారు. నల్లగొండ నీళ్ళ మీద గానీ, తెలంగాణ జొన్న సంకటి మీద గానీ లండన్‌లో ఎవరికి ఆసక్తి? అంకెలు గట్టివి కాబట్టి అచ్చయ్యాయి.

ఇంకొకటి. మీ దగ్గరికి రివ్యూకు వచ్చిన మాన్యుస్క్రిప్ట్ మీది కాదు. స్నేహితుడికి చూపించకూడదు, దాంట్లో ఆలోచన వాడుకోకూడదు, సారాంశం రాసిపెట్టమని ఏ కృత్రిమ మేధ యంత్రంలోనూ పోయకూడదు. ఇందాక చెప్పిన ఎడిటర్ల కమిటీ 2023లో ఈ చివరి విషయం మీద కూడా నియమం రాసింది. సహాయానికి పీజీని కూర్చోబెట్టుకోవాలంటే ముందు ఎడిటర్‌ను అడిగి, రివ్యూలో ఆ పీజీ పేరు చెప్పండి.

మాస్టారి పిల్లలు ఆయన పేరున పెట్టిన ఈ ఎండోమెంట్‌కు ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీతో ఏటేటా ఒక ఉపన్యాసం, ఒక శాలువా, ఒక జ్ఞాపిక అని మొదట అనుకున్నారు. నేను వాళ్ళతో మాట్లాడాను. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. శాలువా ఉండదు. వచ్చే నెల నుంచి ప్రతి రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి కాలేజీ లైబ్రరీ మేడ మీద గదిలో మాస్టారి శిష్యులం నలుగురం కూర్చుంటాం. ఏ డిపార్ట్‌మెంట్ పీజీ అయినా రావచ్చు. గైడ్ అనుమతి కాగితం అక్కర్లేదు. స్లైడ్లు తేవద్దు, ఇంట్రడక్షన్ తేవద్దు. ఒక్క టేబుల్, దానికి సంబంధించిన కేస్ షీట్లు తీసుకురండి. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ కేస్ షీట్లు కూడా.